మతం, ఆధ్యాత్మికత, స్వీయ అస్తిత్వం: సమాజశాస్త్ర దృక్పథాలు

మతానికీ మనిషి అస్తిత్వానికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించే సమాజశాస్త్ర శాఖ, దేవుడు ఉన్నాడా లేడా అన్న వాదంలోకి దిగదు. ఆ పంచాయతీని వేదాంతులకు, హేతువాదులకు వదిలేసి మరో ప్రశ్న పట్టుకుంటుంది. "నేను ఫలానా" అని మనిషి చెప్పుకునే మాటలో మతం వాటా ఎంత? ఆ మాట అతని చేత పలికించేది ఎవరు? బారసాలనాడు చెవిలో పేరు చెప్పేవారు, బడి రిజిస్టరు నింపేవారు, పెళ్ళి సంబంధం వెతికేవారు, జనాభా లెక్కలకు ఇంటికొచ్చే ఉద్యోగి, వీళ్ళందరి చెయ్యీ అందులో ఉంటుంది. నూటపాతికేళ్ళుగా ఈ రంగంలో వచ్చిన సిద్ధాంతాల్లో చాలాభాగం ఐరోపా, అమెరికాల క్రైస్తవ సమాజాలను చూసి రాసినవి. మన నేలకు తెచ్చేసరికి వాటిలో కొన్ని చక్కగా అతుకుతాయి, కొన్ని అతకవు.

పునాది వేసినవారు

కార్ల్ మార్క్స్ 1844లో అచ్చయిన వ్యాసంలో మతాన్ని నల్లమందుతో పోల్చాడు. ఆ పోలికే జనం నోళ్ళలో నిలిచింది. అదే చోట, మతంలో పీడితుల గోడు వినిపిస్తుందని ఒప్పుకున్న సంగతిని ఆయన అభిమానులూ విమర్శకులూ కూడా తరచు మరిచిపోతారు. అయితే అస్తిత్వం విషయంలో మార్క్స్ కంటే ఎక్కువ అక్కరకొచ్చేవారు ఎమిల్ దుర్ఖేమ్, మాక్స్ వెబర్.

ఫ్రెంచి పండితుడు దుర్ఖేమ్ మత జీవితపు మౌలిక రూపాల మీద 1912లో వెలువరించిన గ్రంథానికి ఆస్ట్రేలియా ఆదివాసుల టోటెమ్ (గుంపు కొలిచే పవిత్ర చిహ్నం) ఆచారాలే ఆధారం. ఆయన ఆస్ట్రేలియాలో కాలు పెట్టలేదు. బాల్డ్విన్ స్పెన్సర్, ఫ్రాంక్ గిలెన్ సేకరించిన వివరాలు చదివి, ఫ్రాన్సులో కూర్చుని రాశాడు. తర్వాతి మానవశాస్త్రజ్ఞులు ఈ విషయంలో ఆయన్ని గట్టిగానే నిలదీశారు. అయినా ఆయన చెప్పిన అసలు సంగతి నిలబడింది. ఏడాదిలో చాలా రోజులు చిన్న గుంపులుగా తిండి వెతుక్కుంటూ తిరిగే మనుషులు ఒకచోట చేరి ఆడిపాడినప్పుడు, విడివిడిగా ఉన్నప్పుడు ఎరగని ఉద్వేగం పుడుతుంది. ఆ శక్తి తమ కలయికలోంచి వచ్చిందని గుర్తించక, దాన్ని తమ టోటెమ్‌కు అంటగడతారు. కాబట్టి మనిషి తెలియకుండానే కొలిచేది తన సమాజాన్నేనని దుర్ఖేమ్ తేల్చాడు. "మేము" ముందు, "నేను" తర్వాత అన్నమాట. బోనాల ఊరేగింపులో పోతరాజు వెనక, డప్పుల మధ్య నడిచినవారికి దీన్ని వేరే విడమరచనక్కర్లేదు.

జర్మన్ పండితుడు వెబర్ లోపలి ఆందోళన నుంచి మొదలుపెట్టాడు. 1904-05లో ప్రచురించిన ప్రొటెస్టెంటు నీతి వ్యాసాల్లో ఆయన ప్రొటెస్టెంటు సంస్కర్త కాల్విన్ అనుచరుల సంకటాన్ని వివరించాడు. మోక్షం ఎవరికో దేవుడు ముందే నిర్ణయించేశాడు; ఆ ఎంపికలో తాను ఉన్నదీ లేనిదీ తెలుసుకునే దారి లేదు. ఆ దిగులులో మనిషి క్రమశిక్షణను, ఒళ్ళు వంచి పనిచేయడాన్ని, పొదుపును ఎంపికకు ఆనవాళ్ళుగా పట్టుకున్నాడు.

వెబర్ చెప్పిన మరో ముచ్చట అస్తిత్వ చర్చకు ఇంకా దగ్గరిది. 1904లో అమెరికా వెళ్ళినప్పుడు నార్త్ కరోలినాలోని బంధువులతో కలిసి ఆయన ఒక బాప్తిస్మం చూడబోయాడు. అక్టోబరు చలి, వణికించే నీళ్ళు. మునిగి లేచిన ఒక యువకుణ్ణి చూసి, ఇతను మునుగుతాడని ముందే అనుకున్నానన్నాడు పక్కనున్న బంధువు. ఎందుకని అడిగితే, బ్యాంకు పెట్టబోతున్నాడు కదా అని జవాబు. ఆ చుట్టుపక్కల బాప్టిస్టులు మరీ ఎక్కువేం కాదు. కానీ సంఘంలో చేర్చుకునే ముందు పెద్దలు మనిషి నడవడినంతా చిన్నప్పటి నుంచీ ఆరా తీస్తారు. ఆ జల్లెడ దాటినవాడి దగ్గర డబ్బు దాచుకోవడానికి బయటివాళ్ళు కూడా వెనుకాడరు. ఆ యువకుడి భక్తి నిజమైందా, వ్యాపార లెక్కా అన్నది వెబర్‌కు ముఖ్యం కాలేదు. సంఘం ఇచ్చిన "నమ్మదగినవాడు" అన్న ముద్రను అతను జీవితాంతం కాపాడుకోవాలి. కాపాడుకుంటూ కాపాడుకుంటూ అలాంటివాడే అవుతాడు.

ఎదుటివారి కళ్ళలో "నేను"

మనిషి తనను ఎదుటివారి కళ్ళలో చూసుకుని తన గురించి అభిప్రాయం ఏర్పరచుకుంటాడని అమెరికన్ సమాజశాస్త్రజ్ఞుడు చార్లెస్ కూలీ 1902లో ప్రతిపాదించాడు. జార్జ్ హెర్బర్ట్ మీడ్ దాన్ని సిద్ధాంతంగా పెంచాడు. ఆయన పాఠాలను శిష్యులు కూర్చి, ఆయన పోయాక 1934లో పుస్తకంగా తెచ్చారు. పసివాడు మొదట అమ్మ చూపును, తర్వాత ఇరుగుపొరుగు చూపును, చివరికి సమాజమంతటి చూపును లోపలికి తీసుకుంటాడు. మీడ్ మతం గురించి పెద్దగా రాయలేదు గానీ, "స్వామి చూస్తున్నాడు, తప్పు" అని పిల్లల్ని గదమాయించే ఇళ్ళలో ఆ సమాజపు చూపు దేవుడి పటంలోంచి కూడా పడుతుందని ఊహించడం కష్టం కాదు.

1966లో పీటర్ బెర్గర్, థామస్ లుక్‌మన్ కలిసి రాసిన పుస్తకం, మనం ప్రపంచం అనుకునేది మనుషులు కట్టుకున్నదేనని వాదించింది. మరుసటి ఏడాది బెర్గర్ మతాన్ని ఆ ప్రపంచం మీద వేసిన పవిత్రమైన పందిరి అన్నాడు. చావు, కరువు, అన్యాయం వంటివి వచ్చి పడినప్పుడు జీవితానికి అర్థం చెదిరిపోకుండా కాచేది ఆ పందిరే. అయితే అది రోజువారీ మాటల మీద నిలబడుతుంది. చుట్టూ ఉన్నవారు అదే నమ్మకంతో మాట్లాడుతున్నంత కాలం అది సత్యంలా తోస్తుంది. వేరే ఊరో వేరే దేశమో పోయి ఆ మాటలు వినపడకపోతే సందేహాలు మొదలవుతాయి. ఆధునికత పెరిగేకొద్దీ పందిరి కూలుతుందని బెర్గర్ మొదట అనుకున్నాడు. 1999లో తన అంచనా తప్పిందని బాహాటంగా చెప్పాడు. ఈ రంగంలో ఇంత పెద్ద పేరున్నవారు ఇలా మాట మార్చుకోవడం అరుదు, ఆయనకు గౌరవం తెచ్చిన పని కూడా.

హాన్స్ మోల్ 1976లో మతం పనే అస్తిత్వాన్ని పవిత్రం చేయడమని సూత్రీకరించాడు. చక్కని సూత్రమే. అయితే పవిత్రత కొందరిని నిలబెడుతూ ఇంకొందరిని అంటరానివారిగా బయట నిలబెట్టిన సమాజంలో అది సగమే నిజం.

మాల వేసుకున్నప్పుడు

సిద్ధాంతాలను పక్కన పెట్టి, తెలుగువారు ఏటా చూసే ఒక ఆచారాన్ని దగ్గర నుంచి చూద్దాం. కార్తీకం వచ్చేసరికి ఆటో డ్రైవరు, గుమాస్తా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కాలేజీ కుర్రాడు గురుస్వామి చేతుల మీదుగా అయ్యప్ప మాల వేసుకుంటారు. నలభై ఒక్క రోజులు నల్ల బట్టలు, కాళ్ళకు చెప్పుల్లేవు, తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం, కటిక నేల మీద పడక. మాంసం, మద్యం, సిగరెట్ బంద్. గడ్డం పెరుగుతుంది. తినేది భోజనం కాదు, భిక్ష. అన్నిటికంటే పెద్ద మార్పు పిలుపులో వస్తుంది. మాల పడ్డ క్షణం నుంచి అతని పేరు పక్కకు పోతుంది. భార్య, పై అధికారి, చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబులు అందరికీ అతను "స్వామి". అతనికి మగవాళ్ళందరూ స్వాములే, ఆడవాళ్ళందరూ మాతలే. నిన్నటిదాకా నోటికొచ్చినట్టు తిట్టిన మనిషి ఇవాళ "స్వామీ" అనిపించుకుంటూ తిట్టలేడు. శబరిమల వెళ్ళొచ్చి మాల తీసేశాక పాత పేరు, పాత పిలుపు, కొందరికి పాత అలవాట్లు తిరిగొస్తాయి.

ఆచారాల్లో విడిపోవడం, మధ్యస్థితి, తిరిగి చేరడం అనే మూడు దశలుంటాయని ఆర్నాల్డ్ వాన్ గెన్నెప్ 1909లో చెప్పాడు. ఆ మధ్యస్థితిలో హోదాలు కరిగిపోయి మనుషులు సమానులుగా ఎదురుపడతారని విక్టర్ టర్నర్ 1969లో విస్తరించాడు. దీక్ష దీనికి అచ్చుగుద్దిన ఉదాహరణలా కనిపిస్తుంది. కానీ దగ్గరికెళితే లోపల మెట్లున్నాయి. మొదటిసారి వెళ్ళేవాడు కన్నెస్వామి, తర్వాత కత్తిస్వామి, గంటస్వామి, పైన గురుస్వామి. పదేళ్ళ నుంచి యాభై ఏళ్ళ మధ్య స్త్రీలకు ఆ కొండ మీద చోటు లేదన్న సంప్రదాయం 2018లో సుప్రీంకోర్టు తీర్పుదాకా వెళ్ళింది. కేరళలో ఈ యాత్రను పరిశీలించిన ఫిలిప్పో, కరోలిన్ ఒసెల్లా దాన్ని మగతనాన్ని తీర్చిదిద్దే ప్రక్రియగా 2003లో వివరించారు.

ఇక్కడ నమ్మకం ముందా, ఆచరణ ముందా? సబా మహమూద్ కైరో మసీదుల్లో చేరిన స్త్రీలను పరిశీలించి 2005లో రాసిన పుస్తకం ఈ ప్రశ్నకు ఇచ్చిన జవాబు విలువైనది. ఆ స్త్రీలకు ముసుగు లోపలి అణకువను చూపించే గుర్తు మాత్రమే కాదు. అణకువను అలవాటు చేసుకునే సాధన. ఒంటికి పట్టిన క్రమం మనసును మలుస్తుంది. దీక్ష తీసుకునే కుర్రాణ్ణి "అయ్యప్ప అంటే నీ నమ్మకం ఏమిటి?" అని అడిగితే తడబడవచ్చు. నియమాలు అడిగితే మాత్రం తడుముకోకుండా చెబుతాడు. మత విశ్వాసాల మీద ప్రశ్నావళులు పట్టుకుని తిరిగే సర్వేలు ఈ తేడాను పట్టుకోలేవని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

పేరు మార్చుకునే ఈ తాత్కాలిక సన్యాసం ఒక్క మతానికే పరిమితం కాదు. అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రం నాడు కుళ్ళాయప్ప పీరును కొలిచేవారిలో హిందువులే ఎక్కువ. అఫ్సర్ మొహమ్మద్ 2013లో రాసిన పుస్తకంలో అక్కడ కులాలకు అతీతంగా భక్తులు కొద్దిరోజులు ఫకీర్లుగా మారి నియమాలు పాటించే తీరును వివరించారు. శామీర్‌పేట గ్రామం మీద ఎస్.సి. దూబే 1955లో వెలువరించిన ప్రసిద్ధ పుస్తకంలోనూ హిందువులు, ముస్లింలు ఒకరి పండుగల్లో ఒకరు పాల్గొన్న వివరాలున్నాయి. ఇలాంటి చోట్ల "మీరు హిందువా, ముస్లిమా?" అన్న ప్రశ్నకు ఒకే గడిలో టిక్కు పెట్టడం కుదరదు. 1871-72 నుంచి బ్రిటిష్ పాలకులు జరిపించిన జనాభా లెక్కలు ఆ గడులను తెచ్చిపెట్టాయి. అవి ఉన్న అస్తిత్వాలను లెక్కించి ఊరుకోలేదు, వాటికి గట్టి గోడలు కూడా కట్టాయని బెర్నార్డ్ కోన్ చూపించాడు.

"మతం లేదు గానీ ఆధ్యాత్మికత ఉంది"

ఆధ్యాత్మికతను మతం నుంచి విడదీసి చూడటం పడమటి దేశాల్లో ఇటీవల బాగా పెరిగింది. దానికి మూలాలు పాతవే: జార్జ్ సిమ్మెల్ ఇరవయ్యో శతాబ్ది మొదట్లోనే మతసంస్థను, మనసులోని మతభావాన్ని వేరుచేశాడు. లుక్‌మన్ 1967లో మతం చర్చి గోడలు దాటి కంటికి కనపడని వ్యక్తిగత వ్యవహారమవుతోందన్నాడు. రాబర్ట్ బెల్లా బృందం 1985లో రాసిన అమెరికా అధ్యయనంలో షీలా అన్న మారుపేరుతో ఒక నర్సు కనిపిస్తుంది. తన అంతర్వాణినే మతంగా చేసుకుని, దానికి తన పేరే పెట్టుకుంది. ప్రతి అమెరికన్‌కూ ఒక మతం చొప్పున కోట్ల మతాలు రావచ్చునని బెల్లా బెంగపడ్డాడు. ఆ బెంగలో కొంత పెద్దరికపు విసుగు ఉందని, చర్చిలో చోటు దొరకని స్త్రీ తన దారి తాను వెతుక్కుంటే తప్పేమిటని తర్వాతివారు అడిగారు. సబబైన ప్రశ్నే.

ఇంగ్లాండులోని కెండల్ పట్టణంలో పాల్ హీలాస్, లిండా వుడ్‌హెడ్ బృందం ఈ మార్పును నిజంగా లెక్కపెట్టింది. 2005లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఒక వారంలో చర్చిలకు వెళ్ళినవారు జనాభాలో 7.9 శాతం, యోగా, రేకీ, ధ్యానం వంటి వాటికి వెళ్ళినవారు 1.6 శాతం. రెండోవారిలో సుమారు 80 శాతం స్త్రీలు. ఆధ్యాత్మిక విప్లవం వచ్చేసిందన్న ప్రచారానికి ఈ అంకెలు కళ్ళెం వేశాయి. అమెరికాలో ప్యూ పరిశోధన కేంద్రం 2023లో జరిపిన సర్వేలో 22 శాతం మంది పెద్దలు మతం లేని ఆధ్యాత్మికుల కిందికి వచ్చారు.

ఈ విభజన మన దగ్గర అంతగా పొసగదు. పుట్టపర్తి సత్యసాయి బాబా భక్తులు, బ్రహ్మకుమారీలు, విపశ్యన శిబిరాలకు వెళ్ళొచ్చేవారు ఇంటికొచ్చి వినాయక చవితి మానరు. గురువును ఎంచుకోవడం వ్యక్తి ఇష్టం, ఇంటి పూజ వంశాచారం. రెండూ ఒకే మనిషిలో గొడవ లేకుండా సర్దుకుంటాయి. వ్యక్తి స్వేచ్ఛకు భారతీయ సంప్రదాయంలో చోటు లేదనుకునేవారికి లూయీ డ్యూమాన్ 1960లోనే ఒక జవాబు చెప్పాడు. కులసమాజం లోపల మనిషి సంబంధాల ముడి; దాన్ని వదిలి బయటికి నడిచిన సన్యాసే ఇక్కడి "వ్యక్తి" అన్నాడు. కులం అడుగున ఉన్నవారి కోణం డ్యూమాన్ సిద్ధాంతంలో చాలా పలచన.

సముద్రాలు దాటాక

వలస వెళ్ళిన చోట మతం అస్తిత్వానికి ఊతమవుతుందని విల్ హెర్బర్గ్ 1955లో అమెరికా ప్రొటెస్టెంట్లు, క్యాథలిక్కులు, యూదుల గురించి రాశాడు. భాష, దుస్తులు వదిలేయమనే సమాజం మతాన్ని మాత్రం ఉంచుకోనిస్తుంది. తిరుమల నమూనాలో పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్‌లో 1970ల్లో వెలసిన శ్రీవేంకటేశ్వరాలయం దీనికి తొలి భారతీయ సాక్ష్యాల్లో ఒకటి. అమెరికాలో హిందువులు హిందువులుగా మారడం ద్వారానే అమెరికన్లవుతున్నారని ప్రేమా కురియన్ వాదించారు. ఊళ్ళో ఉన్నప్పుడు ఎవరూ అడగని ప్రశ్నకు, "మీ మతం ఏం చెబుతుంది?" అన్నదానికి, అక్కడ బడిలో పిల్లవాడు జవాబు చెప్పాలి. దాంతో అమ్మమ్మ చేతి మీదుగా వచ్చిన ఆచారం బాలవిహార్ తరగతిలో పాఠమవుతుంది.

దేవుడు వద్దన్నవారు

నాస్తికత్వం కూడా అస్తిత్వమే. గోరాగా ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో స్థాపించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడ పటమటకు మారింది. ఆయన భార్య సరస్వతీ గోరా గర్భవతిగా ఉండి గ్రహణాన్ని చూశారు. పిల్లల పేర్లలో దేవుళ్ళు లేరు, కాలం ఉంది: ఉప్పు సత్యాగ్రహం నాటి కొడుకు లవణం, మరో కొడుకు సమరం. కేంద్రానికీ సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు, సభలు ఉన్నాయి. "నేను ఎవరికీ చెందను" అనడానికి కూడా తోడుగా నలుగురు కావాలి. దుర్ఖేమ్ దీనికి ఆశ్చర్యపడి ఉండడు.

మతం మారినప్పుడు

అస్తిత్వం తేటగా బయటపడేది మతమార్పిడిలో. జాన్ లాఫ్లాండ్, రాడ్నీ స్టార్క్ అమెరికాలోని ఒక చిన్న కొత్త మతబృందాన్ని గమనించి, బోధ కంటే ముందు స్నేహాలే మనుషుల్ని లాగుతాయని 1965లో రాశారు. ఒంగోలు ప్రాంతంలో దానికి వందేళ్ళ ముందే సాక్ష్యం ఉంది. మాదిగ కులస్థుడు ఎర్రగుంట్ల పేరయ్య రాజయోగ గురువుల దగ్గర శిష్యరికం చేసినవాడు. 1866లో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ చేతుల మీదుగా క్రైస్తవుడయ్యాడు. తోళ్ళ వ్యాపారంలో ఊరూరా ఉన్న బంధుబలగం ద్వారానే కొత్త మతం పల్లెలకు పాకింది. ఒక్కొక్కరుగా కాక కుటుంబాలుగా చేరారు. 1876-78 కరువులో క్లవ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని పని కల్పించాడు. తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకుండా కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

చేరేవారికి పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను మొక్కకూడదు. చూడటానికి ఇవి మత నియమాలు. కానీ ఊళ్ళో మాదిగ పని ఏమిటి? పిలిచిన రోజు వెళ్ళడం, చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవడం, జాతరలో డప్పు కొట్టడం. మూడు షరతులూ సరిగ్గా ఆ మూడు ముడులనూ తెంపాయి. ఆదివారం రానన్న మనిషి మీద రైతులు మండిపడింది అందుకే. క్లవ్ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లవ్ 1899లో ప్రచురించిన పుస్తకంలో ఈ తొలితరం జీవితాలు వాళ్ళ కథనాల ఆధారంగా నమోదయ్యాయి. తెలుగు సమాజ చరిత్రకు అది దొడ్డ ఆధారం. మిషనరీ కళ్ళద్దాలు ఉన్నాయని గుర్తుంచుకుని చదవాలి.

అంబేద్కర్ దారి దీనికి మరో కొస. 1935లో యేవలలో, తాను హిందువుగా పుట్టినా హిందువుగా చావనని ప్రకటించి, ఇరవై ఏళ్ళకు పైగా చదివి, ఆలోచించి, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం స్వీకరించాడు. అక్కడ చేయించిన 22 ప్రతిజ్ఞలు కొత్త అస్తిత్వాన్ని పాతదాని నుంచి పేరు పేరునా వేరుచేస్తాయి.

కానీ ప్రతిజ్ఞ మనిషి చేతిలో ఉంటే, సర్టిఫికెట్ రాజ్యం చేతిలో ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తారు, వాళ్ళ కోటా 1 శాతం. అందుకే చర్చిలో ఒక పేరు, బడి రికార్డులో ఇంకో పేరు ఉన్న కుటుంబాలు కోస్తా పల్లెల్లో కొత్త కాదు. దీన్ని కొందరు మోసం అంటారు. మతం మారినా పేట మారలేదు, పెళ్ళి సంబంధాల్లో కులం మారలేదు, కూలి మారలేదు అన్నది వాళ్ళ జవాబు. ఆ జవాబును తోసిపుచ్చే ఆధారం సమాజశాస్త్రంలో లేదు. మతం మారిన దళితులకు ఎస్సీ హోదా ఇవ్వవచ్చునా అన్నది పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల కమిషన్‌ను నియమించింది.